తడి చూచి నీళ్లు పోయండి



గత నెలలో ఒక సహోదరి మాకు వ్రాసిన ఉత్తరములో ప్రార్థన మనవులతోపాటు ఒక చిన్న ప్రశ్న కూడ ఉన్నది. కుమారునికి ఉద్యోగము వచ్చిన సంతోషములో ఇంటి ముందర పెట్టుకొనుటకు కుండీలో ఒక సైకస్ మొక్క తెచ్చాడట. తెచ్చినప్పుడు నిగనిగలాడుతూ ఉన్నది. ఇప్పుడు క్రింది ఆకులు పసుపు రంగుకు తిరుగుచున్నవి. “అయ్యగారూ, మరువకుండ రెండు పూటలా నీళ్లు పోయుచున్నాను. ఇంకా ఎక్కువ పోయాలా? ఎన్ని రోజులకు ఒకసారి పోయాలో దయచేసి తెలియజేయగలరు” అని అడిగారు.

ఈ శీర్షికలో మేము సాధారణముగా కుటుంబ ప్రార్థన, పిల్లల పెంపకము, అత్తాకోడళ్ల సమాధానము వంటి సంగతులు వ్రాస్తుంటాము. మొక్కల సంగతి చెప్పుటకు మేము వ్యవసాయ శాఖవారము కాము. అయినను ఈ ఒక్క మొక్క విషయములో మాకు కొంత అనుభవమున్నది. అది గొప్పగా చెప్పుకొనే అనుభవము కాదు. ఆ సహోదరి చేస్తున్న పొరపాటే మేమును చేసి, ఒకరు నమ్మి మా చేతికి అప్పగించిన మొక్కను ఇంచుమించు చంపివేశాము. అందుచేత ఈ నెల ఈ పుటలు దానికే ఇస్తున్నాము. అమ్మా, మీకు తొందరగా కావలసిన జవాబు ముందే చెబుతాము: ఈ రోజునుండి నీళ్లు ఆపండి. మట్టి ఆరనీయండి. మిగిలినది నిదానముగా చదవండి.

నర్సరీలలో దీనిని సైకస్ పామ్ అని అమ్ముతారు గాని ఇది తాటి, ఈత, కొబ్బరి జాతికి చెందినది కానే కాదు. చూపుకు పొట్టి ఈతచెట్టులాగ ఉంటుంది, అంతే. ఇది పువ్వు పూయదు. ఇందులో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. బాగా ముదిరిన మగ చెట్టు నడినెత్తిన పెద్ద మొక్కజొన్న కంకి వంటిది నిలువుగా లేస్తుంది. ఆడ చెట్టు నెత్తిన ఊలు వంటి నూగు మధ్య ఎర్రని గింజలు పడతాయి. పూలు పూసే మొక్కలు భూమి మీదికి రాకమునుపే ఈ జాతి ఉన్నదని శాస్త్రజ్ఞులు చెబుతారు. మన ఇండ్ల ముందర కనబడే రకము పేరు సైకస్ రెవల్యూటా. దాని సొంత ఊరు జపాను దేశపు దక్షిణ భాగము, ర్యూక్యూ దీవులు. అక్కడ సముద్రపు గాలి తగిలే రాతి వాలులలో పెరుగుతుంది. వానలు బాగానే పడతాయి, కాని పడిన నీరు రాళ్ల సందులలోనుండి వెంటనే జారిపోతుంది. నీళ్లు పోసేవారు జ్ఞాపకముంచుకోవలసిన సంగతి ఇదే. ఈ మొక్క తడిసి ఆరే మొక్క గాని నీటిలో నానే మొక్క కాదు.

దీని బంధువు ఒకటి మన ఆంధ్ర దేశములోను ఉన్నది. తిరుపతి, కడప ప్రాంతాల శేషాచలము కొండలలో పెరిగే సైకస్ బెడ్డోమి అనే రకము ప్రపంచములో మరెక్కడను సహజముగా పెరుగదు. అంతరించిపోయే ప్రమాదములో ఉన్నందున దేశాల మధ్య దాని వ్యాపారమును నిషేధించారు. అడవిలోనుండి పెకలించి తెచ్చిన మొక్క ఎవరైనా చవకగా ఇస్తామంటే దయచేసి కొనవద్దు. నర్సరీలో పెంచినది దొరుకుతుండగా దానితో మనకేమి పని?

ఇక దాని బోదె సంగతి. అనాసపండు వలె పొలుసులుగా కనబడే ఆ లావుపాటి బోదెలో మొక్క తన ఆహారమును నీటిని దాచుకుంటుంది. అందుచేత వారము పది రోజులు ఎవరూ పట్టించుకోకపోయినా బ్రతుకుతుంది. మరొక విశేషమేమంటే, కొన్ని వేళ్లు క్రిందికి పోక పైకి వచ్చి మట్టి మీద పగడము వలె బుడిపెలుగా కనబడతాయి. చాలామంది తెగులనుకొని కోసివేస్తారు, కోయకండి. వరి పండించేవారికి నీలి ఆకుపచ్చ నాచు తెలుసు గదా, గాలిలోని నత్రజనిని పట్టి చేనికి ఇచ్చేది. అటువంటిదే ఆ బుడిపెలలో కాపురముంటుంది. దేవుడు దానికి సంచిలో భోజనము, వేరులో ఎరువు కట్టి పంపాడు. మనము చేయవలసినది తక్కువ. ఆ తక్కువ చేయుటయే మనకు కష్టము.

ఎంత తక్కువతో ఎంత కాలము బ్రతుకుతుందో చెబితే మీరు ఆశ్చర్యపడతారు. లండనులోని క్యూ ఉద్యానవనములో ఈ జాతికి దూరపు చుట్టమైన మొక్క ఒకటి ఉన్నది. దానిని ఫ్రాన్సిస్ మాసన్ అనే ఆయన దక్షిణాఫ్రికానుండి 1775లో ఓడ మీద తెచ్చాడు. విలియం కేరీగారు 1793లో మన దేశములో అడుగు పెట్టారు. అంతకు 18 ఏండ్ల ముందు కుండీలో పెట్టిన మొక్క నేటికీ కుండీలోనే ఉన్నది! తండ్రులు పోయి కుమారులు, వారు పోయి మనుమలు నీళ్లు పోసి ఉంటారు. మేము పోసినట్లు పోసి ఉంటే అది ఏడాది దాటేది కాదు.

మేము చేసినదేమో ఇప్పుడు చెబుతాము. మా సంఘములో ఒక తల్లి ఉన్నారు. ఈ సంగతి వ్రాయుటకు ఆమె అనుమతి ఇచ్చారు, పేరు మాత్రము వద్దన్నారు. ఆమెకు ఒక కుమార్తె, ఒక కుమారుడు. కుమారుడు బోరు మోటార్లు బాగుచేసే పని నేర్చుకొని ఇంటిని నిలబెట్టాడు. 2016లో ఒక పనిమీద కడియం వెళ్లి, తిరిగివచ్చేటప్పుడు బండి వెనుక కట్టుకొని ఒక సైకస్ తెచ్చాడు. అప్పటికి అది కొబ్బరికాయంత దుంప, నాలుగు ఆకులు. వాకిట్లో పెట్టి సాకాడు. 2021లో రోడ్డు ప్రమాదములో ఆ బిడ్డ ప్రభువునందు నిద్రించాడు. అప్పటికి వయస్సు ఇరువదియారు.

భూస్థాపన అయిన తరువాత నలువది రోజులు ప్రతి సాయంత్రము ఆ ఇంట ప్రార్థన పెట్టాము. అది మా సంఘపు ఆచారము కాదు. మా ఆలోచన. ఆమెను ఒంటరిగా విడువకూడదని స్త్రీల సమాజము ఒకరోజు, యౌవనస్థులు ఒకరోజు, పొరుగూరి విశ్వాసులు ఒకరోజు. పాటలు, వాక్యము, టీ. ఆమె వచ్చినవారందరికి చాప వేసి, టీ కాచి, గిన్నెలు కడిగి పడుకొనేసరికి రాత్రి పదకొండు దాటేది. ఇరువది రోజులైన తరువాత కాబోలు, మా శ్రీమతిని వంటగదిలోనికి పిలిచి, “అమ్మగారూ, మీ ప్రేమ నాకు తెలియక కాదు. అందరూ వచ్చి పాడుతుంటే వాడిని తలచుకొని ఏడ్వటానికి నాకు తీరిక దొరకటం లేదు. ఒక్క వారము నన్ను ఊరకే ఉండనీయమని అయ్యగారితో చెప్పండి” అన్నారట.

ఆ మాట వినగా మాకు మనస్సు నొచ్చుకున్నది. దాచుటెందుకు, కొంచెము కోపము కూడ వచ్చినది. ఇంత చేస్తే ఈ మాటా అనుకున్నాము. కూడికలు ఆపలేదు. నలువది రోజులు పూర్తి చేశాము.

ఆ మరుసటి ఏడు మే నెలలో ఆమె హైదరాబాదులో కుమార్తె దగ్గరకు వెళ్లారు. వెళ్లేముందు ఆ కుండీని రిక్షాలో పెట్టించి మందిరమునకు తెచ్చారు. “అక్కడ మూడో అంతస్తు అయ్యగారూ, ఎండ పడదు. ఇక్కడ ఉంచండి. దీనికి పెద్ద పని లేదు. మట్టి ఆరితేనే నీళ్లు. వాడు అలాగే చేసేవాడు” అని చెప్పి, ఒక ఆకును నిమిరి వెళ్లిపోయారు.

ఆమె చెప్పినది రెండు ముక్కలు. మేము విన్నది ఒక్కటే, ఇక్కడ ఉంచమన్నది. ఆ మొక్కకు తగిన గౌరవము చేయాలని పెద్ద సిమెంటు తొట్టి కొన్నాము. గట్టున ఉన్న నల్లమట్టి తెప్పించి, సగము మాగిన పేడ ఎరువు కలిపి, అందులో నాటించాము. వరండా తడిసిపోతుందని తొట్టి క్రింద వెడల్పాటి పళ్లెము పెట్టించాము. ఇది చాలదన్నట్లు సండే స్కూలు పిల్లలను పిలిచి, యెషయా గ్రంథము 27వ అధ్యాయము చదివించి, దేవుడు తన ద్రాక్షతోటను ఎడతెగక తడుపుతూ కాపాడినట్లు మనమును ఈ మొక్కను కాపాడాలని బోధించి, పదునాలుగుమంది పేర్లు గోడ మీద సుద్దతో వ్రాసి వంతులు వేశాము. ఒక్కొక్కరికి రోజుకు రెండు మగ్గులు. పిల్లలు ఎంత నమ్మకముగా చేశారంటే ముసురు పట్టిన రోజున కూడ గొడుగు వేసుకొని వచ్చి పోసి వెళ్లారు. ఆరాధన అయిన తరువాత గ్లాసులలో మిగిలిన మంచినీళ్లు పెద్దలు కూడ అందులోనే పోసేవారు.

ఆగస్టులో క్రింది ఆకులు పసుపుబారాయి. దాహమనుకొని మగ్గులు మూడు చేశాము. సెప్టెంబరులో ఒకనాడు మా శ్రీమతి ఎండిన ఆకు ఒకటి తీద్దామని పట్టుకుంటే పచ్చిగా ఉన్న నడి ఆకులు గుత్తిగా ఊడి చేతికి వచ్చాయి. దుర్వాసన. బోదె అడుగున బొటనవ్రేలితో నొక్కితే మురిగిన చిలగడదుంప వలె లోపలికి పోయినది.

కడియములో ఒక నర్సరీలో ఎన్నో ఏండ్లుగా పనిచేస్తున్న పెద్దాయన దగ్గరకు పరుగెత్తాము. ఆయన మమ్మల్ని తిట్టలేదు. “అయ్యగారూ, దాహముతో చచ్చిన సైకస్‌ను నేను ఎక్కువ చూడలేదు. నీళ్లతో చచ్చినవే చూశాను” అని, చేయవలసిన పని చెప్పాడు. తొట్టిలోనుండి మొక్కను తీసి మట్టి అంతా కడిగాము. నల్లగా మెత్తబడిన వేళ్లన్నీ కోసివేశాము. బోదె అడుగున కుళ్లినంత మేర శుభ్రమైన కత్తితో చెక్కుతూ పోయి, తెల్లని గట్టి కండ కనబడిన చోట ఆగాము. మిగిలిన ఆకులు కూడ తీసివేశాము, వేరు లేనప్పుడు ఆకులకు నీరు అందించలేదు గదా. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి అద్ది, నీడలో గాలి తగిలేచోట పది రోజులు ఆరబెట్టాము. తరువాత చిన్న మట్టి కుండీలో, అడుగు బెజ్జము మీద పెంకు ముక్క పెట్టి, రెండు పాళ్లు గరుకు ఇసుకకు ఒక పాలు ఎర్రమట్టి చొప్పున, గుప్పెడు ఇటుక ముక్కలు కలిపి నాటాము. చూచుటకు ఏమియు లేదు, మట్టిలో ఒక బోడి దుంప.

మీలో ఎవరి మొక్క అయినా ఈ స్థితికి వస్తే బోదెను నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఆకులన్నీ పోయినా ఆశ ఉన్నది. మొత్తము మెత్తబడితే ఇక లేదు.

అప్పటినుండి ఏ కాలములో ఎట్లు నీళ్లు పోయాలో మేము నేర్చుకున్నది వ్రాస్తున్నాము. ఎన్ని రోజులకు ఒకసారి అనే ప్రశ్నకు జవాబు లేదు, క్షమించండి. రెంటచింతల ఎండకు, మా గోదావరి డెల్టా ఉక్కకు, చింతపల్లి చలికి ఒకే లెక్క ఎట్లు కుదురుతుంది? వ్రేలు పెట్టి చూడండి. రెండవ కణుపు దాకా మట్టిలో గుచ్చితే తడి తగలకూడదు. పెద్ద తొట్టి అయితే చీపురుపుల్ల లోతుగా గుచ్చి తీయండి. పుల్లకు మట్టి అంటుకొని వస్తే ఇంకా ఆగాలి. పోసినప్పుడు మాత్రము అడుగు బెజ్జములోనుండి కారేదాకా పోయాలి. రోజూ చెంబెడు చిలకరించి పైపైన తడిపితే పైన బురద, అడుగున దుమ్ము. నీళ్లు మట్టి మీద పోయాలి గాని మొవ్వులో పోయకూడదు. కొబ్బరి పెంచేవారికి మొవ్వు కుళ్లు ఎంత చెడ్డదో మేము చెప్పనక్కరలేదు.

వానాకాలమే దీనికి గండము. తొలకరి పడగానే కుండీని ఇటుకల మీదికి ఎత్తండి, క్రింద పళ్లెము తీసివేయండి. చూరు నీళ్లు ధారగా పడేచోట ఉంచవద్దు. ఎండ వచ్చే వరండా అంచు మంచిది. ముసురు పట్టిన రోజులలో మూడు వారాలైనా ఒక్క చుక్క పోయలేదు మేము. అక్టోబరు, నవంబరు తుపానుల కాలములో కూడ అంతే. నెల్లూరు, చిత్తూరు వైపువారికి ఆ నెలలలోనే వానలెక్కువ గనుక వారు అప్పుడు మరి జాగ్రత్తగా ఉండాలి. వానలో తడవటమే తప్పు కాదు. తడిసిన మట్టి ఆరకపోవుట తప్పు.

చలికాలములో మొక్క నిద్రపోతుంది. డిసెంబరు, జనవరి నెలలలో మా ఆవరణలో పదిహేను రోజులకు, ఒక్కొక్కసారి ఇరువది రోజులకు ఒకసారి పోస్తే సరిపోయినది. అదికూడ ఎండ పొడుచుకు వచ్చిన తరువాత, సాయంత్రము కాదు. క్రిస్మసుకు చాలామంది కుండీని లోపలికి తెచ్చి లైట్లు చుట్టి అలంకరిస్తారు. మూడు నాలుగు రోజులైతే పరవాలేదు, అన్ని రోజులూ అక్కడే ఉంచి, వచ్చినవారందరు గ్లాసు నీళ్లు పోస్తే మాత్రము సంక్రాంతికి ఆకులు పసుపు. ఎరువు కూడ ఈ రెండు నెలలు వద్దు.

ఎండాకాలము వేరు. మార్చినుండి ఎండ ముదిరేకొలది నీరు ఎక్కువ కావాలి. పన్నెండు అంగుళాల కుండీకి మా ఊరిలో నాలుగు రోజులకు ఒకసారి, రోహిణీ కార్తెలో రెండు రోజులకు ఒకసారి వరకు వచ్చినది. అప్పుడు కూడ వ్రేలు పెట్టి చూచే పోశాము. ఉదయము పోయండి. మధ్యాహ్నము గొట్టములో మరిగిన నీళ్లు పోయవద్దు. మా డెల్టాలో మరొక చిక్కు ఉన్నది. ఏప్రిల్, మే నెలలలో కాలువలు కట్టివేస్తారు. అప్పుడు బోరు నీళ్లే గతి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో అవి ఉప్పన. కుండీ అంచున తెల్లగా పెచ్చు కట్టినా, ఆకుల కొసలు గోధుమరంగుకు మాడినా, అది దాహము కాదు, ఉప్పు. మొదటి మంచి వానకు కుండీని బయట పెట్టి బాగా కడిగిపోనిస్తే కొంత తగ్గుతుంది.

కొత్త ఆకులు వచ్చేది సాధారణముగా ఈ కాలములోనే, ఏడాదికి ఒకసారి, అన్నీ ఒక్కసారిగా. మొవ్వులో నూగు ఉబ్బి, చుట్టలు చుట్టుకొన్న లేత ఆకులు కొద్ది రోజులలోనే పైకి లేస్తాయి. ఆ రెండు మూడు వారాలు మాత్రము మట్టిని పూర్తిగా ఎండనీయకూడదు. ఎండితే ఆకులు పొట్టిగా ముడుచుకొని అట్లే గట్టిపడతాయి, మళ్లీ ఏడాది దాకా ఆ రూపమే. ఆ సమయములోనే చిన్న నీలిరంగు సీతాకోకచిలుకలు మొవ్వు చుట్టూ తిరుగుతాయి. అందముగా ఉన్నాయని చూస్తూ ఊరుకోవద్దు, వాటి పురుగులు రెండు మూడు రోజులలో లేత ఆకులన్నీ గీకి తినివేస్తాయి. చీమలు గుంపుగా ఎక్కుతున్నాయంటే పురుగు పడినదని గుర్తు. ఉదయమే నీటితో ఆకులు కడిగి, కనబడినవాటిని ఏరివేసి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కలు సబ్బు నీళ్లు కలిపి చల్లండి.

మరొక మాట యౌవనస్థులకు. మట్టల ఆదివారమునకు తాటి మట్టలు, కొబ్బరి మట్టలు కావలసినన్ని దొరుకుతాయి. అందముగా ఉన్నవని కుండీలోని సైకస్ ఆకులు కోయకండి. మళ్లీ ఏడాది దాకా రావు. ఇంటివారికి ఒక హెచ్చరిక కూడ: ఈ మొక్క అన్ని భాగాలు విషమే, గింజలు మరీ విషము. కుక్కలు తిని చచ్చిపోతాయి, పశువులు తింటే వెనుక కాళ్లు పడిపోతాయి. ఎర్రగా ఉన్నవని పిల్లలు నోట పెట్టుకొనకుండ గింజలు పడగానే తీసివేయండి. మేకలు తిరిగే వాకిట్లో దీనిని ఎత్తు మీద పెట్టండి.

ఇక ఆ తల్లి సంగతి. సెప్టెంబరులో మొక్క కుళ్లినదని మేము ఆమెకు చెప్పలేదు. క్రిస్మసు రోజున ఆమె హైదరాబాదునుండి ఫోను చేసి అందరినీ పలుకరించి, చివరకు, “వాడి మొక్క బాగున్నదా అయ్యగారూ?” అని అడిగారు. “బాగున్నదమ్మా” అన్నాము. అరగంట క్రితమే పీఠము దగ్గర నిలబడి సత్యమును గూర్చి ప్రసంగించి వచ్చాము. ఫోను పెట్టిన తరువాత వరండాలోనికి వెళ్లి ఆ బోడి దుంపను చూస్తూ నిలబడ్డాము. చిగురు వస్తే అప్పుడు చెప్పవచ్చు, చిగురు రాకపోతే అప్పుడు చూద్దాము అనుకున్నాము. మూడు నెలలు ఆ అబద్ధమును మోసుకొని తిరిగాము. యోబు స్నేహితుల సంగతి అప్పుడే మాకు మరల జ్ఞాపకము వచ్చినది. వారు వచ్చి ఏడు రోజులు ఒక్క మాటయు పలుకక నేల మీద అతనితో కూర్చున్నంతవరకు ఎంత మంచి స్నేహితులు! నోరు విప్పిన తరువాత గదా భారమైపోయారు. మేము మొదటి రోజునే నోరు విప్పాము. నలువది రోజులు మూయలేదు. తడి ఉన్నదో లేదో వ్రేలు పెట్టి చూడకుండ మగ్గులు కుమ్మరించినది ఆ తొట్టిలో మాత్రమే కాదు.

కుమారుని జ్ఞాపకార్థము ఏప్రిల్‌లో ఆమె ఊరికి వచ్చారు. నేరుగా మందిరపు వరండాకే వచ్చారు. దాచుటకు వ్యవధి లేదు, దాచుటకు ఆకులును లేవు. వంతుల సంగతి, తొట్టి సంగతి, కత్తి సంగతి, క్రిస్మసునాటి అబద్ధము సంగతి వరుసగా చెప్పాము. “అమ్మా, మేము తప్పు చేశాము. అప్పుడు మీ ఇంట్లోను ఇట్లే చేశాము, మీరు చెప్పినా వినలేదు. క్షమించండి” అన్నాము.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. చెప్పులు విడిచి, కుండీ దగ్గర కూర్చొని, బొటనవ్రేలితో బోదెను చుట్టూ నొక్కి చూశారు. “గట్టిగానే ఉన్నది” అన్నారు. కొంతసేపటికి నవ్వారు. “వాడూ ఇట్లే చేశాడు అయ్యగారూ. తెచ్చిన కొత్తలో మోటారు పైపు పెట్టి రోజూ తడిపేవాడు. మెత్తబడినది. ఎవరో చెబితే తీసి చెక్కి, పది రోజులు నా వంటింటి గూటిలో ఆరబెట్టాడు. గూడంతా కంపు. తీయరా అంటే అమ్మా ఇది ఆసుపత్రిలో ఉన్నది మాట్లాడకు అనేవాడు.” అట్లు మొదలుపెట్టి ఆమె రెండు గంటలసేపు కుమారుని గూర్చి చెప్పారు. చిన్నప్పుడు కాలువలో పడిన సంగతి, పదవ తరగతి తప్పిన సంగతి, మొదటి సంపాదనతో ఆమెకు చీర కొని రంగు బాగుండలేదని తానే తిరిగి ఇచ్చివచ్చిన సంగతి. ఆ నలువది రోజులలో మేము ఆమె నోట ఇందులో ఒక్కటి కూడ వినలేదు. మా శ్రీమతి టీ తెచ్చి పెట్టి తానును నేల మీదనే కూర్చున్నారు. మేము వాక్యము చదువలేదు. వెళ్లేటప్పుడు ఆమే ప్రార్థన చేయమని అడిగితే చిన్న ప్రార్థన చేశాము.

మృగశిర కార్తె వచ్చిన తరువాత ఒక ఉదయము మొవ్వులో నూగు ఉబ్బి కనబడినది. తొమ్మిదవ రోజుకు చుట్టలు విడిచిన లేత ఆకులు నిలబడ్డాయి. ఫోనులో ఫొటో తీయించి పంపాము. సాయంత్రమునకు ఆమె ఫోను చేశారు.

“ఏడు లెక్కపెట్టాను అయ్యగారూ. ఒకటి వంకరగా ఉన్నది గాని పరవాలేదు. మీరు భయపడి ఇప్పుడు నీళ్లు మానేస్తారేమో, మానవద్దు. ఆకులు గట్టిపడేదాకా పోయండి.”

గోడ మీది వంతుల పట్టికను అదివరకే తుడిచివేశాము. అందులో ఒక పిల్లను పిలిచి, మట్టిలో వ్రేలు ఎంత లోతు పెట్టాలో చూపించాము. ఆ పిల్ల వ్రేలు పెట్టి చూచి, “తడిగానే ఉన్నది అయ్యగారూ, రేపు వస్తాను” అని మగ్గు అక్కడ పెట్టి ఆటకు వెళ్లిపోయినది.